పొగ మానాలనుకునేవారికి నెల రోజుల తోడు కావాలి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్య, ఆరోగ్య శాఖాధికారులకు, ఆ జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

మన రెండు జిల్లాల్లో బీడీ, సిగరెట్, చుట్ట, అడ్డపొగ (నిప్పు నోటి లోపల ఉంచి పీల్చే చుట్ట) మానాలనుకునే మనిషికి తన ఊరికి దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే, తర్ఫీదు పొందిన ఒక వ్యక్తి సాయం కనీసం నెల రోజులపాటు అందేలా చూడవలసిందని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. పొగతాగేవారు ఆ అలవాటు నుంచి ఎలా బయటపడతారన్న ప్రశ్న మీద మా శాస్త్రంలో జరిగిన పరిశోధనను ఉద్యోగంలో ఉన్నంతకాలం చదువుతూ, తరగతిలో పాఠంగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు విజయనగరంలో స్థిరపడి, పూసపాటిరేగ వైపు తీరగ్రామాల్లోనూ, అటు శ్రీకాకుళం జిల్లా తీరంలోనూ తిరుగుతున్నప్పుడు, ఆ పరిశోధనకూ మన ఊళ్ళలో జరుగుతున్నదానికీ మధ్య ఉన్న దూరం స్పష్టంగా కనబడుతోంది. దాన్ని తగ్గించే అధికారం మీ చేతుల్లో ఉంది. లేఖను బహిరంగంగా రాయడానికి కారణం, పొగతాగేవారి ఇళ్ళవాళ్ళు కూడా దీన్ని చదివితే మేలని అనిపించడమే.

పొగాకు హానికరమని చెప్పే పనిలో ప్రభుత్వం వెనకబడిందని నేను అనను. 2003లో చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగకూడదన్న నిబంధనలు అమల్లో ఉన్నాయి. 2016 నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మే ఉంటోంది. ఏటా మే 31న బడిపిల్లలు ప్లకార్డులు పట్టుకుని ఎండలో ర్యాలీ తీస్తూనే ఉన్నారు. వీటి ఫలితం కొంత ఉంది కూడా. 2016-17లో దేశవ్యాప్తంగా వయోజనుల పొగాకు వాడకం మీద జరిగిన సర్వేలో, పొగతాగేవారిలో 55.4 శాతం మంది మానే ఆలోచనలో ఉన్నామని చెప్పారు. అంతకుముందు ఏడాది కాలంలో 38.5 శాతం మంది ఒకసారైనా మానడానికి ప్రయత్నించారు. అంటే హాని గురించి చెప్పవలసినవారి సంఖ్య కన్నా, విన్నాక ఏం చేయాలో తోచక ఉన్నవారి సంఖ్య ఎక్కువ. ఏ సాయమూ లేకుండా సొంతంగా మానడానికి పూనుకున్నవారిలో ఏడాది దాకా నిలబడేవారు నూటికి ముగ్గురు నుంచి ఐదుగురేననీ, చాలామంది మొదటి వారంలోనే మళ్ళీ అంటిస్తారనీ ఈ రంగంలో ఎప్పటినుంచో తెలిసిన విషయం. ఈ పరిస్థితుల్లో మానెయ్యమని చెప్పి పంపడం, ఈత రానివాణ్ణి నాగావళిలోకి దించి గట్టున నిలబడి ఈదమన్నట్టుగా ఉంది.

నేను చెప్పదలచుకున్నదానికి ఆధారంగా ఒక మనస్తత్వశాస్త్ర ఆచార్యుడి పరిశోధన జీవితాన్ని మీ ముందు పెడతాను. ఆయన పేరు రాబర్ట్ వెస్ట్. 1982 నుంచి పొగాకు వ్యసనం మీదే పనిచేస్తూ, యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆరోగ్య మనస్తత్వశాస్త్ర ఆచార్యుడిగా చాలాకాలం ఉన్నారు. వ్యసనాల పరిశోధనకు ప్రపంచంలో పేరున్న 'అడిక్షన్' పత్రికకు ప్రధాన సంపాదకుడిగా వ్యవహరించారు. ఇంత పొడవైన ఉద్యోగ జీవితాన్ని ఒకే ప్రశ్నకు కేటాయించడం మా రంగంలో అరుదు. పొగతాగడం ఎందుకు చెడ్డదన్న ప్రశ్న వైద్యులకు వదిలేసి, మానాలనుకున్న మనిషి ఎందుకు మానలేకపోతున్నాడు, ఏ సాయం చేస్తే మానగలుగుతాడు అన్నదాని చుట్టూనే ఆయన పని నడిచింది. నికోటిన్ మందులు తయారుచేసే కంపెనీల నుంచి నిధులు, సలహా రుసుములు తీసుకున్నట్టు ఆయన తన వ్యాసాల్లోనే ప్రకటించారు. ఆ మాట కూడా మీకు తెలియాలి కనుక చెబుతున్నాను. అందుకే కింద నేను ఎక్కువగా వాడుకునేది, మందు అమ్ముడుపోవడంతో సంబంధం లేని ఆయన పనిని.

ఆయనకు ముందు దారి వేసినవారు మైకేల్ రసెల్ అనే మానసిక వైద్యుడు. లండన్‌లో కుటుంబ వైద్యుల దగ్గరకు వేరే జబ్బులతో వచ్చిన రెండు వేల మందికి పైగా పొగతాగేవారి మీద రసెల్ బృందం చేసిన అధ్యయనం 1979లో వెలువడింది. వైద్యుడు ఒకటి రెండు నిమిషాలు గట్టిగా చెప్పి, ఒక కరపత్రం ఇచ్చి, తరువాత వాకబు చేస్తామని ముందే చెప్పినవారిలో ఏడాది తరువాత 5.1 శాతం మంది మానేసి ఉన్నారు. ఏమీ చెప్పనివారిలో ఆ సంఖ్య 0.3 శాతం. నూటికి ఐదుగురా అని పెదవి విరిచేవారికి ఒక్క మాట: ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏడాదిలో వచ్చే ఓపీని, అందులో పొగతాగేవారిని లెక్కవేసి, దాన్ని మన జిల్లాల్లోని కేంద్రాలన్నిటికీ హెచ్చించి చూడండి. రక్తపోటుకో, మధుమేహానికో మనం పెడుతున్న ఖర్చుతో పోలిస్తే ఆ ఐదుగురు చాలా చౌకగా దొరుకుతారు. ఆ అధ్యయనంలో అసలు పనిచేసింది వాకబు చేస్తామన్న మాటేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన దగ్గర ముందుగా ఎగిరిపోయేది కూడా అదే.

వెస్ట్ చేసిన పనుల్లో మన జిల్లాలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన, సహ పరిశోధకుడు ప్రచురించిన ఒక చిన్న వ్యాసం. అప్పటిదాకా వైద్య, నర్సింగ్ విద్యార్థులకు చెప్పే పాఠమేమిటంటే, వ్యసనం మానే మనిషి మెట్టు మెట్టుగా కదులుతాడు: మొదట ఆలోచన ఉండదు, తరువాత ఆలోచన వస్తుంది, ఆపైన సన్నాహం, చివరికి ఆచరణ. నేనూ ఆ పాఠం ఏళ్ళ తరబడి చెప్పాను. పరీక్షల్లో అది తప్పనిసరి ప్రశ్న. వెస్ట్ బృందం పొగతాగేవారిని అడిగి చూస్తే, మానే ప్రయత్నాల్లో దాదాపు సగం ఏ ముందస్తు సన్నాహమూ లేకుండా, అనుకున్న క్షణాన మొదలైనవే. పైగా అలా హఠాత్తుగా మొదలుపెట్టినవే ఆరు నెలలు దాటి నిలిచిన సందర్భాలు ఎక్కువ. అసంతృప్తి లోలోపల పేరుకుని ఉన్న మనిషికి ఒక చిన్న ఒత్తిడి చాలునని, దగ్గు తెరగా రావడమో, మనవరాలు ముఖం తిప్పుకోవడమో అయినా సరిపోతుందని దాని సారాంశం.

ఇది వినడానికి సిద్ధాంత చర్చలా ఉన్నా, దీని పర్యవసానం పూర్తిగా పరిపాలనకు సంబంధించినది. కోరిక పుట్టిన రోజే సాయం అందుబాటులో లేకపోతే ఆ కోరిక మర్నాటికి ఉంటుందన్న హామీ లేదు. తీరగ్రామంలో వేటకు వెళ్ళి వచ్చిన మనిషి ఛాతీలో పట్టేసినట్టు ఉందని దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వస్తాడు. మానేద్దామనుకుంటున్నానని తనంతట తానే అంటాడు. కౌన్సెలింగ్ కోసం జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసి ఇస్తారు. ఒక రోజు కూలీ పోతుంది, రానూ పోనూ బస్సు ఛార్జీలు అవుతాయి, అక్కడ ఏ గదికి వెళ్ళాలో చెప్పేవారు ఉండరు. చీటీ జేబులోనే నలిగిపోతుంది. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమంలో జిల్లా స్థాయి విరమణ కేంద్రానికి, కౌన్సెలర్‌కు చోటు ఉంది, అది మంచిదే. కానీ ఇచ్ఛాపురం నుంచో, మెంటాడ నుంచో మనిషి అక్కడిదాకా రావాలన్న ఏర్పాటు, కోరిక ఎలా పుడుతుందో తెలియనివారు చేసిన ఏర్పాటు.

సాయం అంటే ఏమిటో కూడా కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కౌన్సెలింగ్ అనగానే మన దగ్గర కూర్చోబెట్టి మందలించడం అనే అర్థం స్థిరపడిపోయింది. ఇంగ్లండ్‌లో 1999లో మొదలై ఆ తరువాత దేశమంతటా విస్తరించిన ప్రభుత్వ సేవాకేంద్రాల్లో, తర్ఫీదు పొందిన వ్యక్తి మానాలనుకున్న మనిషితో కలిసి ఒక తేదీ నిర్ణయిస్తారు. ఆ తేదీ తరువాత ఒక్క దమ్ము కూడా లాగకూడదన్న నియమాన్ని అతని చేతనే పలికిస్తారు. ఆ తరువాత కనీసం నాలుగు వారాలపాటు వారానికోసారి కలుస్తారు. నాలుగు వారాలే ఎందుకంటే, చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం, తాగాలన్న తపన వంటి లక్షణాలు మొదటి వారంలో తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలామటుకు సద్దుమణుగుతాయి. ఈ సంగతి ముందే తెలిసినవాడికి మూడోనాటి చిరాకు తన బలహీనతగా కనిపించదు, గడిచిపోయే దశగా కనిపిస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఊపిరి ఊదించి అందులో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో చూస్తారు. మానిన ఒకటి రెండు రోజులకే ఆ సంఖ్య పడిపోవడం మనిషి కళ్ళారా చూస్తాడు. ఉపన్యాసాలు చేయలేని పని ఆ చిన్న యంత్రం చేస్తుంది.

ఎంతమంది మానారో లెక్క కట్టే పద్ధతిని కూడా వెస్ట్ బృందం కట్టుదిట్టం చేసింది. రసెల్ పేరుతోనే 2005లో ఒక కొలమానం ప్రతిపాదించారు: ఆరు నెలలో, ఏడాదో గడిచాక అడగాలి, మానానన్నవాడి మాటను ఊపిరి పరీక్షతో సరిచూడాలి, అన్నిటికన్నా ముఖ్యంగా, తిరిగి దొరకనివాడిని మానలేదనే లెక్క రాయాలి. ఈ చివరి నియమం మన శాఖలకు ఇబ్బందిగా ఉంటుందని నాకు తెలుసు. శిబిరానికి ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు అన్న అంకెలు పై అధికారులకు పంపడానికి అందంగా ఉంటాయి. వందమందిలో ఎనిమిదిమంది మానారన్న నిజాయితీ గల అంకెను పంపించిన వైద్యాధికారిని మందలించకుండా మెచ్చుకునే వాతావరణం కల్పించడం మీ చేతిలో ఉంది. కాగితం మీద పనులు కాగితం మీదే మిగిలిపోవడానికి కారణం ఎక్కువసార్లు కింది ఉద్యోగుల సోమరితనం కాదు, పైనుంచి అడిగే ప్రశ్న తప్పుగా ఉండడం.

అది ఇంగ్లండ్ కదా, మనకెలా కుదురుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. ఢిల్లీలో పేదలు నివసించే బస్తీల్లో భారతీయ పరిశోధకులు వెస్ట్‌తో కలిసి చేసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. శిక్షణ పొందిన కార్యకర్త ఇంటికి వెళ్ళి, పొగాకు వాడే మనిషితో పావుగంట మాట్లాడి, తపన వచ్చినప్పుడు చేయవలసిన ఒక శ్వాస వ్యాయామం నేర్పించారు. అంతే, ఒకే ఒక్కసారి. మందు లేదు. ఆరు నెలలకు పైగా మానేసి నిలిచినవారు వీరిలో 2.6 శాతం, నామమాత్రంగా ఒక మాట చెప్పినవారిలో 0.5 శాతం. లాలాజల పరీక్షతో సరిచూసిన అంకెలివి. చిన్న అంకెలే. కానీ ఒక్క పావుగంటకే ఐదు రెట్ల తేడా వచ్చినప్పుడు, మన ఆశా కార్యకర్త అదే వీధిలో ఉంటూ నాలుగు వారాలు పలకరిస్తే ఏమవుతుందో చూడాలన్న ఆసక్తి అధికారులకు కలగాలి కదా.

మందుల విషయంలో తొందరపడవద్దని కూడా ఈ పరిశోధనే చెబుతోంది. తూర్పు యూరప్‌లో 1960ల నుంచి వాడుకలో ఉన్న సైటిసిన్ అనే చౌక మందును వెస్ట్ బృందం వార్సాలో 740 మంది మీద పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించింది: ఏడాది తరువాత మానేసి ఉన్నవారు మందు వాడినవారిలో 8.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.4 శాతం. అదే మందును తరువాత మరో బృందం బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో పొగతాగే క్షయ రోగుల మీద ప్రయోగించినప్పుడు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆరు నెలల తరువాత మందు వాడినవారిలో 32.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 29.7 శాతం మానేసి ఉన్నారు. 2020లో వచ్చిన ఆ ఫలితంలో నాకు కనిపించిన విశేషం మందు ఓడిపోవడం కాదు. మందు లేకుండా, మాటసాయం మాత్రమే అందినవారిలో కూడా పదిమందిలో ముగ్గురు మానారు. క్షయ అని తెలిసిన మనిషి అప్పటికే భయపడి ఉంటాడు, నెలల తరబడి మందుల కోసం ఆరోగ్య సిబ్బందిని కలుస్తూనే ఉంటాడు. మన జిల్లాల్లో క్షయ మందులు ఇచ్చే చోటే ఈ పని మొదలుపెడితే కొత్తగా ఎవరినీ పిలిపించనక్కరలేదు.

ఇక మన ప్రాంతానికే చెందిన ఒక అవకాశాన్ని ప్రత్యేకంగా మీ దృష్టికి తెస్తున్నాను. కార్తీకం మొదలయ్యేసరికి మన ఊళ్ళలో ఎన్ని వందలమంది అయ్యప్ప మాల వేసుకుంటారో మీకు తెలుసు. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చే లారీ డ్రైవరు, జూట్ మిల్లు కార్మికుడు, పలాసలో జీడిపప్పు బట్టీ దగ్గర పనిచేసే కుర్రాడు, మాల మెడలో పడిన తెల్లవారుజాము నుంచి బీడీ ముట్టరు. నలభై ఒక్క రోజులు. ఏ కౌన్సెలరూ లేడు, ఏ మందూ లేదు. నికోటిన్ తపన తగ్గడానికి పట్టే నాలుగు వారాలను వాళ్ళు సునాయాసంగా దాటేస్తున్నారు. ఇంగ్లండ్‌లో 2012 అక్టోబరులో, ఇరవై ఎనిమిది రోజులు అందరం కలిసి మానుదామంటూ 'స్టాప్‌టోబర్' అనే ప్రచారం మొదలుపెట్టారు. దాన్ని మదింపు చేసిన వెస్ట్ బృందం, ఆ నెలలో అదనంగా మూడున్నర లక్షల మంది మానే ప్రయత్నం చేశారని అంచనా వేసింది. అక్కడ ప్రభుత్వం ప్రకటనలకు డబ్బు పోసి సృష్టించినదాన్ని మన దగ్గర గురుస్వాములు ఏళ్ళనాటి నుంచి ఖర్చు లేకుండా నడుపుతున్నారు.

మరి మాల తీసిన తరువాత ఏమవుతోంది? శబరిమల నుంచి తిరిగొచ్చే బండి దిగగానే, ఇంకా ఇరుముడి ప్రసాదం పంచకముందే, స్టేషను బయట పాన్ షాపు దగ్గర గుంపు చేరుతుంది. ఇందులో భక్తి లోపమేమీ లేదు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి స్వామి. స్వామి పొగ తాగడు, అందులో చర్చ లేదు, తాగాలా వద్దా అని తనలో తాను బేరమాడుకోవలసిన పని లేదు. మాల తీయగానే అతను మళ్ళీ పాత మనిషి, అలవాట్లతో సహా. వెస్ట్ తన ప్రేరణ సిద్ధాంతంలో నొక్కి చెప్పేది సరిగ్గా ఇదే: మనిషి తనను తాను ఎవరిగా అనుకుంటున్నాడన్నదాని బలం, లాభనష్టాల లెక్కల బలం కన్నా ఎక్కువ, మానేసినవారిలో తాము ఇక పొగతాగేవారం కామని భావించుకునేవారే ఎక్కువకాలం నిలబడతారు. కాబట్టి మాల తీసే రోజుకు ముందు వారం, తీసిన తరువాత నాలుగు వారాలు, అయ్యప్ప ఆలయాల దగ్గరా సన్నిధానాల దగ్గరా మీ సిబ్బంది ఉండాలని కోరుతున్నాను. గురుస్వామి నోటివెంట ఒక మాట, ఏఎన్‌ఎం దగ్గర ఒక పేరు నమోదు, వారం వారం ఒక పలకరింపు. దీక్షలో లేని మతాలవారికీ ఇదే వర్తిస్తుంది: రంజాన్ నెల, ఉపవాస ప్రార్థనల రోజులు కూడా ఇలాంటి సందులే.

ఈ దారి మగవారికి సరిపోతుంది. మన తీరంలో ఆడవారి సమస్య వేరు, నా దృష్టిలో అదే పెద్దది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే రాశారు. పిండ్‌బోర్గ్, ఫలీ మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనంలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే. ఆ తరువాత టాటా పరిశోధన సంస్థకు చెందిన బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో దాదాపు 36 వేల మంది పొగాకు వాడేవారిని ఏటేటా పరీక్షిస్తూ, మానమని బోధిస్తూ ఏళ్ళ తరబడి వెంబడించింది. మానినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గుతాయని ప్రపంచానికి చెప్పినది ఆ పని. ప్రపంచ వైద్య గ్రంథాల్లో శ్రీకాకుళం పేరు అలా నిలిచిపోయింది. మన జిల్లా నుంచి అంత జ్ఞానం వెళ్ళింది. తిరిగి జిల్లాకు వచ్చినది మాత్రం తక్కువ. ఇప్పుడు యువతుల్లో అడ్డపొగ బాగా తగ్గినట్టు కనిపిస్తోంది కానీ, అరవై దాటినవారిలో అది ఇంకా ఉంది.

పూసపాటిరేగ వైపు చింతపల్లి దాటాక ఒక ఊళ్ళో ఇసుక మీద ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ముసలమ్మను చూశాను. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. చుట్ట నిప్పు లోపల, చివర బయట, పెదవులతోనే అటూ ఇటూ కదుపుతోంది. గాలికి ఆరదు, తడి చేత్తో ముట్టనక్కరలేదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో ఆ పది నిమిషాల్లోనే అర్థమవుతుంది. అడిగితే నోరు తెరిచింది. టార్చి వేసి చూస్తే అంగిలి అంతా తెల్లగా మందంగా మారి, దాని మీద ఎర్రటి చుక్కలు. ఇదివరకు డాక్టర్లు చూశారా అంటే, ఆమె అన్న మాట ఇది: "సూసినారు. మానీమని ఆళ్ళూ సెప్పినారు, ఈళ్ళూ సెప్పినారు. మానీసినాను కూడా. మూడోనాడు సేతులాడవు, తల తిరిగిపోద్ది. అప్పుడెవులొస్తారమ్మా?"

ఆమెకు ఏం ఇవ్వాలన్నది కూడా ఆలోచించవలసిన సంగతే. నికోటిన్ చూయింగ్ గమ్ రెండు మిల్లీగ్రాములది మన దేశంలో చీటీ లేకుండానే దొరుకుతుంది. 2022 నాటి జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స చేరింది కూడా. కానీ గమ్ వాడకం తెలియనివారు దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి రసం మింగేస్తారు, ఎక్కిళ్ళు, గొంతుమంట వచ్చి పారేస్తారు. మెల్లగా నమిలి, ఘాటు తెలియగానే బుగ్గకు చిగుళ్ళకు మధ్య నొక్కి ఉంచి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. అంతకు పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు. ఇది మందుల చీటీ మీద రాయలేనిది, ఎదురుగా కూర్చుని చేసి చూపించవలసినది. పైగా ఆ ముసలమ్మకు నమలడానికి పళ్ళు లేవు. ఆమెలాంటివారికి చర్మం మీద అంటించే పట్టీ కావాలి. జిల్లా మందుల గిడ్డంగికి ఇండెంటు పెట్టేటప్పుడు ఈ సంగతి ఎవరికైనా తడితేనే అది ఆమె ఊరిదాకా వస్తుంది. టోల్ ఫ్రీ నంబరు 1800-11-2356 ఉంది, ప్యాకెట్ల మీద అచ్చవుతోంది. ఊళ్ళో చుట్టించుకునే చుట్టకు ప్యాకెట్టే ఉండదు. ఇంగ్లండ్‌లో చాలామంది ఈ-సిగరెట్ల సాయంతో మానుతున్నారన్నది నిజమే అయినా, మన దేశంలో 2019 చట్టం వాటిని నిషేధించింది కనుక ఆ ప్రస్తావన ఇక్కడితో విడిచిపెడుతున్నాను.

అందువల్ల నా విన్నపం ఇది. ముప్పై ఏళ్ళు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష జాతీయ కార్యక్రమంలో ఇప్పటికే భాగం. ఆ పరీక్షలో మచ్చ కనిపించిన ప్రతి మనిషినీ దంతవైద్యుడి దగ్గరకు పంపడంతోపాటు, అదే రోజున మానే సాయం కోసం ఆరోగ్య మందిరంలో మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి అయిన ఎంఎల్‌హెచ్‌పీకి అప్పగించే పద్ధతి పెట్టండి. మూడోనాడు, ఏడోనాడు, ఆపైన నెల నిండేదాకా వారానికోసారి ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళాలి. అందుకు ఆమెకు పారితోషికం కూడా ఉండాలి, ఊరికే మరో పని నెత్తిన పెట్టకూడదు. మొదట తీరమండలాల్లో ఏదో ఒకటి ఎంచుకుని ఏడాదిపాటు నడిపి చూసినా చాలు. ఫలితాలను రసెల్ కొలమానంతోనే లెక్కించండి.

ఇందులో విశ్వవిద్యాలయాలను కలుపుకోండి. వెస్ట్ బృందం ఇంగ్లండ్‌లో పొగతాగేవారి గురించి 2006 నవంబరు నుంచి నెలనెలా సర్వే చేస్తూ వచ్చింది. ఏ విధానం పనిచేసింది, ఏది చేయలేదన్నది అక్కడ ఊహల మీద ఆధారపడకపోవడానికి కారణం అదే. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం మన ముంగిట్లో ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర శాఖ ఉంది, రెండు జిల్లాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అడ్డపొగ మానిన స్త్రీలు ఎలా మానారు, ఖాళీగా ఉన్న నోటికి, చేతికి వాళ్ళు ఏం అలవాటు చేసుకున్నారు, ఇంట్లో ఎవరి మాట పనిచేసింది అన్న ప్రశ్నలకు లండన్‌లో జవాబులు దొరకవు. ఒక పరిశోధక విద్యార్థి ఉద్యోగ జీవితమంతటికీ సరిపడే పని ఇక్కడ ఉంది. మా తరంలో పరిశోధన అంటే హాస్టల్ విద్యార్థులకు ప్రశ్నావళి పంచి, వచ్చినవాటిని పట్టికలు వేయడంగా ఉండేది. దానికన్నా ఇది ఎంతో మెరుగు.

ఎంపిక చేసిన మండలంలో ఎంఎల్‌హెచ్‌పీలకు, ఏఎన్‌ఎంలకు ఇచ్చే శిక్షణలో మాటసాయానికి సంబంధించిన భాగాన్ని వేతనం లేకుండా చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాలాంటి విశ్రాంత అధ్యాపకులు మరికొందరు కూడా ముందుకొస్తారన్న నమ్మకం ఉంది. కార్తీకానికి ముందే మండలం పేరు ఖరారు చేస్తే, ఈ ఏడు మాలధారణ నాటికి తొలి జట్టుకు శిక్షణ పూర్తి చేయవచ్చు.

ఇట్లు,
మనస్తత్వశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు,
విజయనగరం.